బాతు పట్టుకెళ్ళిన సూపు

ఆ హోటల్ వంటింట్లో తోడికోడళ్ళిద్దరూ పొద్దస్తమానం పక్కపక్కనే పనిచేసేవాళ్ళు, మాటలు మాత్రం ఉండేవి కావు. పెద్దావిడ పొయ్యి దగ్గర, చిన్నావిడ ప్యాకింగ్ బల్ల దగ్గర. పనివాళ్ళు వాళ్ళని పెద్దక్క, చిన్నక్క అనేవాళ్ళు. చెప్పుకోక తప్పని సంగతులు ఏవైనా ఉంటే గిన్నెలు తోమే ఆమె ద్వారా నడిచేవి.

"ఆ అన్నం డబ్బా ఇంకా అక్కడే ఉందేమిటో అడుగు ఆవిడని" అనేది పెద్దక్క, గోడవైపు చూస్తూ.

"మూతలు అయిపోయాయని చెప్పు" అనేది చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న చిన్నక్క.

గిన్నెలు తోమే ఆమె ఇటు తల ఊపి, అటు తల ఊపి, "నాకు ఈ పోస్టాఫీసు ఉద్యోగానికి వేరే జీతం కట్టివ్వాలమ్మా" అని సణుక్కునేది. నవ్వేవాళ్ళు లేరు.

గొడవంతా బాతుల వల్ల వచ్చింది. అంతకుముందు ఆర్డర్లు ఇళ్ళకి చేర్చే పని పెద్దక్క తమ్ముడు చేసేవాడు. కుర్రాడు మంచివాడే, కానీ దారిలో ఎవరు పలకరించినా స్కూటర్ ఆపి కబుర్లలో పడేవాడు. సూపులు ఒలికేవి, అన్నాలు చల్లారేవి, తిట్లు తినేది ఫోను దగ్గర కూర్చున్న చిన్నక్క. ఓర్చి ఓర్చి, ఒకనాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రోబోల కంపెనీతో ఒప్పందం రాసుకుంది. మర్నాడు రెండు తెల్లటి పెట్టెలు వచ్చి దిగాయి. మనిషి నడుము ఎత్తు కూడా లేవు. కింద ఆరు చక్రాలు, పైన మూత, వెనక నిలబెట్టిన ఊచకి నారింజ రంగు జెండా. కాలిబాట మీద అటూ ఇటూ ఊగుతూ పోయే ఆ నడక చూసి గిన్నెలు తోమే ఆమె వాటికి బాతులని పేరు పెట్టింది. దూరపు ఆర్డర్లకైతే మేడ మీదికి డ్రోన్ వచ్చి, సంచీ తగిలించుకుని, జుయ్యిమంటూ ఎగిరిపోయేది. తమ్ముడు స్కూటర్ తాళం బల్ల మీద పెట్టి, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు మూసిన నోరు పెద్దక్క మళ్ళీ తెరవలేదు, చిన్నక్కతో మాత్రం.

ఆ మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గి, వంటిల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటోంది. ఫోను మోగింది. తెలిసిన ఆర్డరే. ఎక్కడో ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి, పనిలోకి వెళ్ళబోతూ, బడి నుంచి ఇంటికొచ్చే కూతురి కోసం పెడుతుంది. పుట్టగొడుగుల సూపు, రెండు బ్రెడ్డు ముక్కలు. కింద ఎప్పుడూ ఉండే మాటే ఉంది: "జీడిపప్పు, బాదం, పల్లీ, ఏ రూపంలోనూ వద్దు. పాపకి ప్రాణం మీదికి వస్తుంది. ముక్కలు పెద్దవి వేయండి, సన్నగా తరిగితే తినదు."

ఈ ఆర్డర్ అంటే చిన్నక్కకి కాస్త భయం కూడా. చేతులు కడుక్కుని, కొత్త గరిటె తీసుకుని, సూపు తనే డబ్బాలో పోసింది. పుట్టగొడుగుల సూపులో పడేది పాలు, మీగడ, మిరియాలు, అంతే కదా. మూత బిగించి బాతు పొట్టలో పెట్టింది. టక్కుమని తాళం పడింది, కళ్ళలాంటి దీపాలు పచ్చగా మారాయి, బాతు గుమ్మం దిగి వీధిలో పడింది.

చిన్నక్క బల్ల తుడుస్తుంటే వెనక నుంచి పెద్దక్క గొంతు వినిపించింది, సింకు వైపు. "రేపటికి ఇంకో గుప్పెడు జీడిపప్పు నానబెట్టు. మీగడ విరిగిపోవడమే మంచిదయింది. సూపు ఇవాళ కుదిరినట్టు ఎప్పుడూ కుదరలేదు."

చిన్నక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఏ సూపు అని అడగాల్సిన పని లేదు, పొయ్యి మీద ఉన్నది ఒకటే. అయినా అడిగింది. ఇన్నాళ్ళ తర్వాత నేరుగా తోడికోడలి మొహంలోకి చూసి అడిగింది.

"అక్కా, పుట్టగొడుగుల సూపులో జీడిపప్పు వేశావా?"

పెద్దక్క మొదట మొహం తిప్పుకోబోయింది. చిన్నక్క మొహం చూసి ఆగింది. "రుబ్బి కలిపాను. ఏం?"

"ఆ పాప ఆర్డర్ ఇప్పుడే వెళ్ళిపోయింది."

ఏ పాప అని పెద్దక్క అడగలేదు. ఆ ఆర్డర్ చిన్నక్క గిన్నెలు తోమే ఆమెకి పైకి చదివి వినిపిస్తుంటే రోజూ విని, పెద్ద ముక్కలు తరిగేది ఆవిడే. సూపు ముందే సిద్ధంగా ఉండడంతో ఇవాళ మాత్రం దాన్ని ఎవరూ పైకి చదవలేదు. గరిటె వదిలేసి పొయ్యి కట్టేసింది.

చిన్నక్క అప్పటికే ఫోను అందుకుంది. తల్లి నంబరు స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. పనిలోకి వెళ్ళేటప్పుడు ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారని ఆవిడ ఒకసారి చెప్పడం గుర్తొచ్చింది. రోబోల కంపెనీకి చేసింది. మర్యాదైన గొంతు ఒకటి పలికింది.

"ఆర్డర్ బయల్దేరాక వెనక్కి పిలిచే వీలు కస్టమర్‌కి మాత్రమే ఉంటుందండీ."

"కస్టమర్ ఫోను ఆపేసి ఉంది బాబూ! అది తింటే పిల్ల చచ్చిపోతుంది. ఉన్నచోట ఉన్నట్టు బండి ఆపు!"

"అర్థమైందండీ. మా పైవాళ్ళని అడిగి చెప్తాను, లైన్లో ఉండండి."

ఆ వెంటనే ఏదో వాయిద్యం మొదలైంది. చిన్నక్క ఫోను అలాగే చేత్తో పట్టుకుని స్కూటర్ తాళం కోసం వెతుకుతుంటే పెద్దక్క దాన్ని ముందే తీసి, గుమ్మం దిగుతోంది, నడుముకి కట్టిన ఏప్రాన్ కూడా విప్పకుండా.

"నువ్వు నడుపు. నేను వెనక కూర్చుని ఆ మ్యాపు చూస్తాను" అంది.

తమ్ముడు వదిలేసి వెళ్ళినప్పటి నుంచి ఆ స్కూటర్ని ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మీట నొక్కితే దగ్గింది, మళ్ళీ దగ్గింది, చిన్నక్క కసిగా కాలితో తన్నాక లేచింది. ఫోనులో బాతు ఒక నీలం చుక్క. ఆ చుక్క ఎటు పోతోందో కనిపిస్తుంది గానీ ఏ ఇంటికి పోతోందో కనిపించదు. ఇంటి నంబరూ, మనిషి పేరూ కంపెనీ దాచిపెడుతుంది.

"కుడికి. కుడికి తిప్పవే! దాటేశావు!"

"ముందు చెప్పాలి కదా!"

"చుక్క తిరిగాక కదా నాకు తెలిసేది!"

సందులోంచి పెద్ద వీధిలో పడేసరికి బండ్లు బారులు తీరి ఉన్నాయి. కాలిబాట మీద బాతుకి అడ్డేముంది? ఎవరైనా ఎదురైతే ఆగి, "దయచేసి దారి ఇవ్వండి" అని, పక్కనుంచి తప్పుకుని పోతుంది. వీళ్ళు మాత్రం ఒక లారీ వెనకా, ఇంకో కారు వెనకా చిక్కుకుపోయారు. బండ్ల సందుల్లోంచి చిన్నక్కకి ఆ నారింజ జెండా ఒకసారి కనిపించింది. కూడలి అవతల, కులాసాగా ఊగుతూ పోతోంది. తన చేతులతో తనే దాని పొట్టలో పెట్టింది. తమ్ముడు గనక అయి ఉంటే ఒక్క ఫోను సరిపోయేది. ఏదో అరుగు మీద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని ఉండేవాడు, అలాగే కూర్చోరా అని చెప్పేది. ఈ ఆలోచన వచ్చినందుకు చిన్నక్కకి ఒళ్ళు మండింది.

"మీగడ విరిగితే నాకు ఒక్క మాట చెప్పాలా వద్దా?" అంది, తల తిప్పకుండా.

"ఇవాళ సూపులో ఏముందని నువ్వు ఒక్క మాట అడగాలా వద్దా?"

లైటు మారింది. లారీ ఇంకా కదలకముందే చిన్నక్క స్కూటర్ని కాలిబాట ఎక్కించేసింది. నడిచేవాళ్ళు తిట్టారు. పెద్దక్క వెనక నుంచి, "తప్పుకోండి, తప్పుకోండి" అని వంటింట్లో అరిచే గొంతుతో అరిచింది.

బాతుని అందుకోబోయారు. ఇంకాస్త దూరం ఉందనగా అది ఒక పెద్ద అపార్టుమెంట్ల గేటు ముందు ఆగింది. గేటులో ఏదో కిచకిచమంది. పక్కనున్న చిన్న తలుపు దానంతట అదే లేచింది. బాతు లోపలికి దొర్లింది, తలుపు మళ్ళీ కిందికి దిగిపోయింది.

చిన్నక్క స్కూటర్ని పడేసినంత పనిచేసి, పెద్దక్క చేతిలోని ఫోను లాక్కుని గేటు దగ్గరికి పరిగెత్తింది. వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"ఏ ఫ్లాటమ్మా?"

"తెలీదు. ఆ లోపలికి పోయిన బండిని..."

"ఎవరి కోసం? పేరు?"

"పేరు తెలీదు. ఒక పాప. అందులో ఉన్న సూపు తింటే ప్రాణం పోతుంది. ఒక్క నిమిషం వదులు!"

వాచ్‌మన్ ఆవిడని కింది నుంచి పైకి చూశాడు. చెమట, చెదిరిన జుట్టు, చేతిలో వాయిద్యం మోగుతున్న ఫోను. "ఫ్లాటు తెలీదు, పేరు తెలీదు. ఎలా పంపమంటారు? పోయిన నెలే ఇలాగే ఏదో చెప్పి వచ్చి దోచుకుపోయారు. నా ఉద్యోగం పోతుంది."

"మరి దాన్ని పోనిచ్చావుగా!"

"దానికి పాస్ ఉంది."

అతను చెప్పినదాంట్లో తప్పులేదని చిన్నక్కకి తెలుస్తూనే ఉంది. గేటు ఊచల్లోంచి చూస్తే బాతు ఎడమవైపు భవనంలోకి ఎక్కే ఏటవాలు మీద నింపాదిగా పోతోంది. అంతలో పక్కనుంచి పెద్దక్క వచ్చి, ముందూ వెనకా చూడకుండా వాచ్‌మన్‌ని రెండు చేతులా వాటేసుకుంది. గిన్నెలు ఎత్తి దించి దించి ఇనుములా తయారైన చేతులవి.

"చూస్తూ నిలబడతావేంటే! పరిగెత్తు!"

చిన్నక్క కార్లు పోయే దారికి అడ్డంగా ఉన్న కర్ర కింద నుంచి దూరింది. వెనక వాచ్‌మన్ అరుపులూ, "అరవు బాబూ, ఇంకా గట్టిగా అరవు, నలుగురూ రావాలి" అనే పెద్దక్క గొంతూ కలగలిసి వినిపించాయి. ఏటవాలు ఎక్కి లోపలికి అడుగుపెట్టేసరికి లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయి. ఆ సందులో నారింజ జెండా కొస కనిపించి మాయమైంది. మీట మీద దబదబా కొట్టింది. లిఫ్టు ఆగలేదు. పైన అంకెలు వెలుగుతూ ఆరుతూ పోయి ఐదు దగ్గర నిలిచాయి.

మెట్లెక్కింది. ఎలా ఎక్కిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా గుర్తురాలేదు. ఐదో అంతస్తు వసారాలో ఒక తలుపు ముందు బాతు మూత తెరుచుకుని నిలబడి ఉంది. లోపల ఖాళీ. "దయచేసి మూత మూయండి. దయచేసి మూత మూయండి" అంటోంది.

చిన్నక్క రెండు చేతులతో తలుపు బాదింది. "పాపా! తలుపు తియ్యి! అది తినకు! తలుపు తియ్యి!"

లోపల అలికిడి ఆగిపోయింది. కాసేపటికి సన్నటి గొంతు, తలుపుకి దూరంగా. "ఎవరు?"

"హోటల్ నుంచి వచ్చాను. తలుపు తియ్యి ముందు!"

"అమ్మ ఎవరికీ తియ్యొద్దంది."

"తియ్యమ్మా, చచ్చిపోతావు! తియ్యి!" ఆ మాట అన్నాక గానీ చిన్నక్కకి అర్థం కాలేదు, ఏం అన్నదో. లోపల గొళ్ళెం పడిన చప్పుడయింది. ఆపైన గొలుసు. చిన్న పాదాలు పరుగున లోగదిలోకి పోయాయి. ఒంటరిగా ఉన్న పిల్ల తలుపు మీద పడి ఎవరో ఆడమనిషి చచ్చిపోతావని అరుస్తుంటే ఇంకేం చేస్తుంది? చిన్నక్క మళ్ళీ బాదబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసింది. నుదురు తలుపుకి ఆనించి నిలబడిపోయింది.

లిఫ్టు తెరుచుకుంది. పెద్దక్క దిగింది. ఆవిడ భుజం పట్టుకుని వాచ్‌మన్ కూడా దిగాడు. ఇప్పుడు ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టంగా ఉంది. పెద్దక్క మూసిన తలుపు చూసింది, తోడికోడలి మొహం చూసింది. మోకాళ్ళు పట్టేసినా మూలుగుతూ నేల మీద కూర్చుని, తలుపు కింది సందు దగ్గరికి మొహం పెట్టింది.

"తలుపు తియ్యకమ్మా" అంది, మెల్లగా. "మంచిపని చేశావు. నేను కూడా తియ్యమని అడగను."

లోగది తలుపు కిర్రుమంది.

"నీకు సూపు చేసి పంపేది నేనే. ముక్కలు పెద్దవి కావాలని మీ అమ్మ రాస్తుంది చూడూ, అవి తరిగేదాన్ని. సన్నగా తరిగితే నువ్వు తినవట కదా."

ఈసారి కాస్త దగ్గరగా, "జారుడుగా ఉంటాయి" అంది పాప.

"నిజమే. నాకూ నచ్చవు. ఇటు విను తల్లీ. ఇవాళ నేనొక తప్పు చేశాను. ఆ సూపులో జీడిపప్పు పడింది. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. మూత పెట్టేసి దూరంగా పెట్టెయ్యి. అదొక్కటీ చాలు."

బాతు మూత మూయమని అడుగుతూనే ఉంది. వాచ్‌మన్ వంగి దాని మూత మూసేశాడు.

"ఇవాళ రుచి వేరేగా ఉందనుకున్నాను" అంది పాప.

చిన్నక్క నోరు చేత్తో మూసుకుంది. పెద్దక్క గొంతు మాత్రం మారలేదు.

"ఎంత తిన్నావు బంగారం?"

"కొంచెమే. నాలుక మీద చీమలు పాకుతున్నట్టుంది."

"సరే. ఇలాంటప్పుడు వేసుకోమని మీ అమ్మ నీకు ఒక సూదిమందు ఇచ్చి ఉండాలి. ఎక్కడుందో తెలుసా?"

"పసుపు సంచీలో. కొక్కేనికి ఉంది."

"అది తీసుకుని వచ్చి ఇప్పుడు తలుపు తియ్యమ్మా. ఇప్పుడు తియ్యొచ్చు. మీ వాచ్‌మన్ కూడా ఇక్కడే ఉన్నాడు. చెప్పవయ్యా."

"నేనే పాపా" అన్నాడు వాచ్‌మన్. "రోజూ నీ బ్యాగు బరువని వెక్కిరిస్తానే, నేను."

అడుగులు లోపలికి పోయాయి. ఏదో కుర్చీ లాగిన చప్పుడు. దగ్గు. మళ్ళీ దగ్గు. అడుగులు వచ్చాయి. గొలుసు ఒకసారి జారింది, రెండోసారి ఊడింది. తలుపు తెరుచుకునేసరికి బడి మేజోళ్ళతో నిలబడి ఉంది పిల్ల. పెదాలు ఉబ్బిపోయి, మెడంతా ఎర్రటి దద్దుర్లు. పసుపు సంచీని గుండెలకి హత్తుకుని ఉంది.

వాచ్‌మన్ అంబులెన్సుకి ఫోను కలిపాడు. చిన్నక్క సంచీలోంచి లావుపాటి పెన్నులా ఉన్న దాన్ని తీసింది. మీద ఏవో బొమ్మలు, అక్షరాలు. చదువుతుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. మూత లాగి, బొటనవేలు కొస మీద పెట్టింది.

"అటు కాదు" అంది పాప, ఊపిరి ఎగబీలుస్తూ. "అటువైపు సూది వస్తుంది. తిప్పండి. తొడకి పెట్టి గట్టిగా నొక్కాలి. అమ్మ నారింజపండు మీద నేర్పించింది."

చిన్నక్క తిప్పింది. నొక్కింది. లోపలెక్కడో టక్కుమంది. పిల్ల కెవ్వుమని, అంతలోనే పళ్ళు బిగబట్టింది. పెద్దక్క పాపని అక్కడే నేలమీద పడుకోబెట్టి, కాళ్ళు తన ఒళ్ళోకి ఎత్తుకుంది.

తర్వాత చేసేదేమీ లేదు. అదే అన్నిటికంటే కష్టమైపోయింది. పాప ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది, ప్రతిసారీ సన్నగా ఈల వేస్తోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చిన్నక్క తన ఊపిరి కూడా ఆపేస్తోంది. అప్పుడు చేతిలోని ఫోనులో వాయిద్యం ఆగి, మర్యాదైన గొంతు వచ్చింది.

"వేచి ఉన్నందుకు ధన్యవాదాలండీ. బండిని ఆపడానికి అనుమతి వచ్చింది. ఆపమంటారా?"

చిన్నక్క ఫోను నేల మీద బోర్లా పెట్టేసింది.

అంబులెన్సు వచ్చేసరికి ఈల కాస్త తగ్గింది. ఆసుపత్రిలో పాపని లోపలికి తీసుకెళ్ళాక, గండం గడిచిందని, అయినా కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు వచ్చి చెప్పింది. తోడికోడళ్ళిద్దరూ బెంచీ మీద ఒకరి పక్కన ఒకరు కూలబడ్డారు. అలా ఉండగా తల్లి వచ్చింది, ఫ్యాక్టరీ యూనిఫాం మీదే, తలకి కట్టిన వల కూడా తీయకుండా. వాచ్‌మన్ ఎవరెవరికో ఫోన్లు చేసి ఫ్యాక్టరీకి కబురు పంపించాడట. ముందు లోపలికి వెళ్ళి కూతుర్ని చూసుకుంది. తర్వాత బయటికొచ్చి వీళ్ళ ముందు నిలబడింది.

"నేను రాశానా లేదా?" అంది. "ప్రతిసారీ రాస్తున్నానా లేదా?"

"రాశావమ్మా" అంది పెద్దక్క. "ఇవాళ నేను వేశాను. చెప్పలేదు."

"నేను అడగలేదు" అంది చిన్నక్క.

"ఒకే వంటింట్లో ఉండి చెప్పకపోవడం ఏమిటి? అడగకపోవడం ఏమిటి?"

ఇద్దరూ తల దించుకున్నారు. చిన్నక్కే చివరికి నోరు విప్పింది. "మా ఇద్దరికీ మాటల్లేవు."

ఆ తల్లి తిడుతుందనుకున్నారు, కొడుతుందని కూడా అనుకున్నారు. "మీకు మాటల్లేకపోతే నా కూతురు పోవాలా?" అని మాత్రం అంది. తలకున్న వల పీకి చేతిలో నలుపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు హోటల్ మూసేశారు. తెరిచాక చిన్నక్క గోడకి పెద్ద నల్లబల్ల కొట్టించింది, ఏ గిన్నెలో ఏం పడిందో రాయడానికి. పెద్దక్క దాని మీద రాయడమే కాక పైకి అరిచి చెప్పేది కూడా, "సూపులో పాలు! కూరలో వెన్న!" అని, వీధిలోకి వినపడేలా. బాతులు తిరుగుతూనే ఉన్నాయి. తమ్ముడి గురించి ఇద్దరూ ఇంకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు దెబ్బలాట నేరుగా, గొంతులెత్తి సాగుతోంది. గిన్నెలు తోమే ఆమె చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసుకుంటోంది.

ఒకరోజు పొద్దున్నే ఆ తల్లి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "మీ వంటిల్లు చూడాలి" అంది.

పెద్దక్క దారి ఇచ్చింది. ఆవిడ ప్రతి డబ్బా మూతా తీసి చూసింది. వాసన చూసింది. మిక్సీ గిన్నె కింద మరలో వేలు పెట్టి తుడిచి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంది. ఎవరూ ఆమెకి అడ్డు చెప్పలేదు.

"ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పిల్ల ఆ సూపే కావాలంటోంది" అంది చివరికి. "ఎంత చెప్పినా వినదు. నా ముందు చేయండి. నేను మిమ్మల్ని క్షమించి వచ్చానని మాత్రం అనుకోవద్దు."

"అనుకోనమ్మా" అంది పెద్దక్క.

కొత్త గిన్నె తీసి ఆవిడ ముందే కడిగింది. చిన్నక్క కొత్త కత్తి, కొత్త పలక తెచ్చి పెట్టింది. పుట్టగొడుగులు పెద్ద ముక్కలుగా తరుగుతుంటే తల్లి పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, పెద్దక్క చేతుల మీంచి చూపు తిప్పలేదు. పాలు పొంగబోతే మంట తగ్గించింది కూడా ఆవిడే. సూపు అయ్యాక ఒక చెంచా తను తాగి, నాలుక మీద కాసేపు ఉంచుకుని, ఇంకో చెంచా తాగింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

పెద్దక్క వేసింది. డబ్బా మూత తల్లే బిగించింది. చిన్నక్క అలవాటుగా ఆర్డర్ నంబరు అడగబోయి ఊరుకుంది. ఆవిడ డబ్బాని రెండు చేతులా నిటారుగా పట్టుకుని గుమ్మం దిగి, ఎండలో, కాలిబాట అంచున, ఒలకకుండా చూసుకుంటూ నడిచి వెళ్ళింది.